మిగిలిన ఆ కాస్త

కీర్తి చేతిలోంచి మాత్రల అట్ట జారి బెంచీ కింద పడింది.

పక్కన కూర్చున్న ఆవిడ వంగి తీసింది. ఇచ్చే ముందు దానిమీద పేరు చదివింది.

"మా ఇంట్లోనూ ఇయ్యే" అంది మామూలుగా.

కీర్తి ముఖం కందిపోయింది. చోడవరంలో ఈ చర్మవ్యాధుల డాక్టరు గది ముందు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మాట్లాడినా దేనికొచ్చారో చెప్పుకోరు.

ఆమెకు వచ్చింది హెర్పిస్. మర్మాంగాల దగ్గర నీటి పొక్కులు వస్తాయి, మానతాయి, మళ్ళీ వస్తాయి. విడాకులిచ్చిన భర్త నుంచి అంటుకుంది. ఇప్పుడు ట్రాక్టర్ల మెకానిక్ సూర్యతేజతో పెళ్ళి కుదిరింది. విడాకుల సంగతి అతనికి తెలుసు. ఇది తెలీదు.

ఆవిడ యాభై దాటిన మనిషి. మెడలో చిన్న సిలువ. పేరు స్వర్ణకుమారి అట, ఊరు చీడికాడ. మందులు తీసుకుని, బస్సుకి టైముందని కూర్చుందట.

ఉండబట్టలేక కీర్తే అడిగింది.

"ఆంటీ, మీ ఇంట్లో... ఎప్పట్నించి?"

"పెళ్ళికి ముందునుంచే ఉంది."

"మరి రెండో మనిషికి అంటలేదా?"

"ఇప్పటిదాకా నేదు తల్లీ."

"ఎలాగ?"

స్వర్ణకుమారి గొంతు తగ్గించింది. "సురుక్కుమని మంటో దురదో మొదలయిందా, పొక్కు కనబడకముందే వేరుగా పడుకోవాల. పూర్తిగా మానీదాకా అంతే."

"మానిపోయేక ఫర్లేదా?"

"పైకేటీ నేకపోయినా అంటొచ్చు. అందుకే రోజూ బిళ్ళ, దానికి తోడు కండోమ్."

"అప్పుడింక అంటదు కదా?"

"అస్సలంటదని ఎవులు సెప్పినా నమ్మకు. బాగా తగ్గుతాది. కాస్త మిగుల్తాది. ఆ మిగిలిన కాస్తకీ ఒప్పుకోవలసింది అతగాడు కదా, నువ్వు కాదు. ముందే సెప్పు."

"చెప్తే వెళ్ళిపోతాడు ఆంటీ."

"ఎల్తే ఎల్తాడు."

కీర్తికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీకేం! మీ ఆయన మంచోడు కాబట్టి ఉండిపోయేడు. అలాటోళ్ళు ఎంతమందుంటారు?"

ఆవిడ ఏదో అనబోయింది. రోడ్డు మీద చీడికాడ బస్సు హారన్ కొట్టింది. చిన్నగా నవ్వి, సంచీ తీసుకుని లేచిపోయింది.

ఆ ఆదివారం కీర్తి సూర్యతేజని వడ్డాది రోడ్డులో టీ కొట్టు దగ్గరికి రమ్మంది. అంతా చెప్పేసింది.

అతను టీ పూర్తిగా తాగలేదు. బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

వారమంతా ఫోన్ లేదు. అయిపోయిందనుకుంది కీర్తి. ఏడ్చింది కూడా. ఏడుస్తున్నా, దాచినప్పటి భయం మాత్రం లేదెందుకో.

ఆ తర్వాత ఫోన్ మోగింది.

"ఆ డాక్టరు ఎన్నింటికొస్తాడు? నేనూ వస్తాను. నాకు చాలా డౌట్లున్నాయి" అన్నాడు సూర్యతేజ.

పెళ్ళయ్యాక కీర్తి స్వీట్లు పట్టుకుని ఒక్కతే చీడికాడ వెళ్ళింది. స్వర్ణకుమారి ఇల్లు అడిగి కనుక్కుంది.

తలుపు తీసింది ఆవిడ భర్త, తోమా. కుర్చీ వేశాడు.

"పోయిన నెల్లో ఎల్లిపోయిందమ్మా. గుండె నొప్పి. ఆస్పత్రికి తీసుకెళ్ళీలోగానే..."

కీర్తి స్వీట్ల సంచీ కుర్చీ పక్కన కింద పెట్టేసింది.

"ఆంటీ ఆ రోజు చెప్పకపోతే నేను మా ఆయన దగ్గర దాచేసేదాన్నండి" అంది చివరికి. "మీరూ గొప్పోరు బాబాయిగారూ. ఆవిడకి ఆ జబ్బుందని తెలిసి కూడా పెళ్ళి చేసుకున్నారు."

తోమా అర్థం కానట్టు చూశాడు.

"ఆవిడికి జబ్బేటి తల్లీ, జబ్బు నాది; పెళ్ళికి ముందే సెప్పేసినా, నన్నే సేసుకుంటానని పట్టుబట్టిన మనిషి."