పదిహేడో నంబరు

“వారం కింద లడ్డూలు పంచితివి, ఇయ్యాల ఏడుపేంది బిడ్డా?” కొత్తవాడలో మగ్గం మీద జంపఖానా నేస్తూ అడిగాడు ఇమాం పాషా.

ఆయన కూతురు సబియా ల్యాబులో చేసిన చిప్పు మీద అయస్కాంతపు పలుచని పొర, ఆ పొరలో కంటికి ఆనని గళ్లు. క్యాన్సర్ ఉన్న నెత్తురును ఆ గళ్లు పట్టేస్తాయి. పరీక్షలో పేర్లుండవు, నంబర్లే. మనిషిని నంబరు చేస్తేనే సైన్సట! చిప్పుకు మొదట దొరికింది పదిహేడో నంబరు నెత్తురు. లడ్డూలు అందుకే.

“మంచిగున్నోళ్ల నెత్తురు గూడ కావాల్నని నీది తీస్కపోయిన గద, అబ్బా. ఇయ్యాల పేర్లు చెప్పిన్రు.”

ఆయన చెయ్యి ఆగింది. “పదిహేడు నేనేనా?”

సబియా తలూపింది.

“చిప్పు తప్పు చెప్పిందేమో, జర చూడరాదు?”

“మిగిలినయి ఒక్కటి గూడ తప్పలె, అబ్బా.”

ఆయన నవ్వబోయాడు. “అట్లయితే మొదటి లడ్డు సరైనోని నోట్లెనే పెట్టినవ్ బిడ్డా.”