మిషన్ కింద చోటు

పెంపుడు కుక్క పోయిన పది రోజులకు, ఓ రాత్రి, దర్జీ మళ్ళీ కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు. బతికున్నన్నాళ్ళూ అది పెడల్ మీదే తల పెట్టుకుని పడుకునేది. "జరగవే తల్లీ" అని బతిమాలితే గానీ కుట్టు సాగేది కాదు. మనుషుల్ని కూడా ఇంతలా బతిమాలరని భార్య సణిగేది.

వీధి సద్దుమణిగింది. దర్జీ గుడ్డ సర్దుకుని పెడల్ తొక్కాడు. కదల్లేదు. పొద్దున్నే నూనె వేసిన మిషన్! ఇంకాస్త గట్టిగా తొక్కబోతే పాదానికి వెచ్చగా ఊపిరి తగిలింది.

"జరగవే తల్లీ," అన్నాడు అలవాటు కొద్దీ.

పెడల్ తేలికైంది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, మళ్ళీ బరువెక్కింది.

అతను వంగి చూడలేదు. చూస్తే వెళ్ళిపోతుందేమోనని భయం. మెల్లగా కాలు తీసేసి, సూదీ దారం అందుకుని చేత్తో కుట్టసాగాడు.

మంచినీళ్ళు తెచ్చిన భార్య, "మిషన్ ఆపేశారేం?" అంది.

"అది పడుకుంది. లేపకు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. "ఇంకా ఎన్నాళ్ళండీ ఇలా?" అంటూ గ్లాసు పెట్టడానికి దగ్గరికొచ్చి, ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకుంది.

"తోక తొక్కేశానండీ," అంది గుసగుసగా.