తిరిగొచ్చిన కాయిల్

ముప్ఫై ఏళ్లలో నూర్జాన్ చుట్టిన కాయిల్ ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు. అలాంటిది ఇవాళ గోరంత కాయిల్ ఒకటి తిరిగొచ్చి బల్ల మీద కూర్చుంది.

ఇందుకూరుపేట రోడ్డు మీద వాళ్లది మోటార్ వైండింగ్ షాపు, దాని వెనకే ఇల్లు. రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లు కాలిపోతే ఇక్కడికే తెస్తారు. బోర్డు మీద పేరు మీరా మొహిద్దీన్‌ది. బరువులెత్తడం, విప్పడం, బిగించడం, గిరాకీతో కబుర్లు చెప్పడం ఆయన వంతు. తీగ చుట్టడం మాత్రం పెళ్లాం నూర్జాన్ చేతి పని. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, బోర్డుకే తెలియదు.

ఆ షాపులో ఒక కట్టుబాటుంది. లోపలికొచ్చిన ప్రతి సరుకుకీ దాని యజమాని పేరూ ఊరూ రాసిన చీటీ దారంతో కట్టాల్సిందే. చీటీ లేని సరుకును నూర్జాన్ ముట్టదు. ఈ బుల్లి సరుకుకీ చీటీ ఉంది. 'శివశంకర్, కోవూరు' అని మీరా మొహిద్దీన్ స్వయంగా రాసి కట్టాడు.

సరుకంటే మోటారు కాదు. వేప్. కరెంటు సిగరెట్టు.

"ఇవి అమ్మకూడదని గవర్నమెంటు చెప్పింది కదయ్యా," అంది నూర్జాన్, మొన్న మొదటిసారి దాన్ని చూసినప్పుడు.

"మద్రాసు నుంచి ఎవరో తెచ్చిచ్చినారంట. మనమేమన్నా అమ్మినామా, కొన్నామా? కాయిల్ మాడిపోయింది, చుట్టి ఇయ్యి."

కళ్లజోడు పెట్టుకుని విప్పి చూసింది. లోపల సన్నటి తీగ చుట్ట, దాని మధ్యలో దూది వత్తి. తీగ వేడెక్కితే దూది పీల్చుకున్న లిక్విడ్ ఆవిరై నోట్లోకి వస్తుంది. ఇంతోటి దానికి ఇంత డాబు.

"దీంట్లో తీగ కన్నా వత్తిదే పెద్ద పని," అంది. "వదులుగా ఉంటే లిక్విడ్ నోట్లోకి కారుతుంది. మరీ బిగిస్తే లిక్విడ్ ఎక్కక దూది మాడుతుంది."

మీరా మొహిద్దీన్ సగమే విన్నాడు. మోటార్లు బాగుచేసే మనిషికి లోపమెప్పుడూ తీగలోనే కనిపిస్తుంది. "ఎన్ని చుట్లు ఏస్తావు?" అనడిగాడు.

"ఏడు."

హీటర్ తీగ ఏడు చుట్లు చుట్టింది. సూదితో దూది కూరింది. లిక్విడ్ పోసి ఇచ్చింది. అదే ఇప్పుడు తిరిగొచ్చింది.

"రెండు దమ్ములు బాగుందంట. మూడోదానికి గొంతు మాడిపోయిందంట," అని చెప్పి మీరా మొహిద్దీన్ దగ్గాడు. నాలుగు నెలల కిందట నెల్లూరు డాక్టరు ఎక్స్‌రే చూపించి భయపెట్టాక, కూతురు సాహిరా తల మీద చెయ్యిపెట్టి బీడీ మానేశాడు. దగ్గు మాత్రం ఆయన్ని మానలేదు. ఆ దగ్గు వినిపించినప్పుడల్లా నూర్జాన్‌కి ఆ ఎక్స్‌రే గుర్తొస్తుంది.

"చుట్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో. ఆరు ఏసి ఎడం పెట్టేదా?"

"అదే అయ్యుంటాది. పెట్టు."

ఎడం పెట్టి ఆరు చుట్లు చుట్టింది. సూదితో దూది కూరింది. రెండో రోజు అది మళ్లీ బల్లెక్కింది. ఈసారి గొంతుతో పాటు ముక్కు కూడా మాడిందట.

కబుర్లు మీరా మొహిద్దీన్ వంతు కదా, ఈ కబురు కూడా ఊళ్లోకి వెళ్లింది. రొయ్యల రైతు క్రీస్తుదాసు నాలుగు మోటార్లు బండిలో వేసుకొచ్చి, దించకుండా నిలబడ్డాడు.

"ఏందక్కా, నీ చేతి కాయిల్ తిరిగొచ్చిందంట?"

"వచ్చింది తమ్ముడా."

"ఏమనుకోవద్దక్కా. ఏరియేటర్ ఒక్క పూట ఆగితే రొయ్యలు చచ్చి తేలిపోతాయి. రెండు ఇక్కడ ఇచ్చి, రెండు కోవూరులో ఇస్తాలే."

రెండు మోటార్లు దించాడు. మిగతా రెండింటితో బండి వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్ల పేరు ఆ బండిలో పోతున్నట్టనిపించింది నూర్జాన్‌కి. దించిన రెండింటికీ చీటీలు కట్టింది.

మూడోసారి తీగే మార్చింది. ఇంకా సన్నటిది తీసుకుని ఎనిమిది చుట్లు చుట్టింది. మీరా మొహిద్దీన్ పక్కనే కూర్చుని చుట్లు లెక్కపెట్టాడు.

"ఆ శివశంకర్‌కి పెళ్లయిందా?" అడిగింది.

"అయింది. అయిందంట."

"ఈ పొగ సంగతి ఇంట్లో తెలుసా?"

"యాడ తెలుస్తాది? పాపం, ఏమీ తెలియని మనిషంట ఆమె."

"పాపం," అంది నూర్జాన్, సూదితో దూది కూరుతూ.

సరుకు ఇచ్చేటప్పుడు చీటీ విప్పి బల్ల మీద పెట్టడం అలవాటు. అలాగే పెట్టింది.

శుక్రవారం నమాజు చేసుకుని మీరా మొహిద్దీన్ ఇంటికొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. బుగ్గన లవంగం ఉంది.

"ఏమన్నాడు మీ కోవూరు గిరాకీ?"

"ఇంకేమంటాడు? రెండు రోజులుగా అన్నం తిన్నా మాడు వాసనేనంట. ఇసుగొచ్చి దాన్ని తీసకపోయి పెన్నలో పారేసినాడు. ఇంక జన్మలో పొగ జోలికి పోనని ఒట్టేసుకున్నాడు."

"అయ్యో. నా చెయ్యి మంచిది కాదు."

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే. వయసైపోతా ఉంది, కన్ను ఆనడం లేదు. నేనేమీ అనుకోను," అని పెద్దమనసుతో ఓదార్చాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, అన్నం పెట్టమంటూ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

మూడుసార్లూ లిక్విడ్ ఎక్కకుండా కావాలనే దూది బిగించి కూరిన నూర్జాన్, బల్ల మీది 'శివశంకర్, కోవూరు' చీటీని తెచ్చి, కొక్కేనికి వేలాడుతున్న మొగుడి చొక్కా గుండీకి కట్టింది.