దీవెనమ్మ నోరు

పక్కింటి దీవెనమ్మ ఆ ఉదయం కూడా నెత్తిన కొంగు కప్పుకొని, నా గడప ముందు నిలబడి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. పద్మారావు నగర్‌లో మా వీధి సగం వింటుంది. విసురుగా తలుపు తీశాను.

"నా కోసం ప్రార్థన వద్దన్న గదా! ఎన్నిసార్లు చెప్పాలె?"

"నిన్నడుగుతున్ననా నోవహన్నా? ఆయనను అడుగుతున్న."

"ఏమని?"

"నువ్వు మళ్లీ ఆయనతోని మాట్లాడాలె అని. వదిన పోయినప్పటి సంది బంద్ జేసినవ్ గదా."

నిజమే. నా భార్య రాహేలును బతికించమని ఆస్పత్రి వరండాలో ఏడ్చి అడిగాను. ఆయన వినలేదు. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు.

"గొంతు పోయేదాంక అడుగు, నేను మాట్లాడ. నువ్వు షురూ జేసినప్పుడల్లా లోపల నేనేమంటనో ఎరుకనా? 'ప్రభువా, ఈమె నోరు మూయించు తండ్రీ' అంట!"

దీవెనమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "రోజూ అంటవా?"

"రోజూ అంట."

"మోకాళ్ల మీదనా?"

"కుర్చీలనే."

"పర్వాలే, కుర్చీల కూసున్నా ఆయనకు ఇనబడ్తది." కొంగు దించి నవ్వింది. "స్తోత్రం! ఇగ నీ గడప కాడ నా పని అయిపోయింది. రేపటి సంది కిందింటి పాల్ దగ్గరికి పోత."

చెప్పులేసుకొని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆమె నోరు మూయించమన్నాను. మూయించాడు. అంటే వింటూనే ఉన్నాడు.

తలుపు గడియ పెట్టాను.

"ఇగ చెప్పు," అన్నాను ఆయనతో. "రాహేలు కోసం అడిగిననాడు ఏడున్నవ్?"