పూరీ గేట్ మైకు

సభ మంచి ఊపు మీద ఉండగా మైకు మూగబోయింది.

నగరేశ్వరరావు మైకు సెట్టు దగ్గరికి పరుగెత్తాడు.

ఆయనకి గోల్ బజారులో బట్టల కొట్టు. ఎమ్మెల్యే ఉదయభాను రెండోసారి నిలబడితే, పూరీ గేట్ దగ్గర జరిగే సభ మొత్తం తన నెత్తిన వేసుకున్నాడు. చిన్న కొట్లవాళ్లకి లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించిన మనిషి ఆమె. అందులోనూ ఈ పరాయి రాష్ట్రంలో మన తెలుగింటి ఆడపిల్ల. ఆమె పేరెత్తితే చాలు, ఆయన ఛాతీ ఉబ్బుతుంది.

ప్రచారానికి అదే ఆఖరి గంట. ఐదు దాటితే ఎవరూ మైకు ముట్టుకోకూడదు.

"ఏటయింది?"

"కాలిపోయింది సార్," అన్నాడు మైకు సెట్టు ప్రేమ్‌కుమార్. "ఇంకోటి తేవాలన్నా దొరకదు. ఊళ్లో మైకులన్నీ ప్రచారంలోనే ఉన్నాయి."

వేదిక మీద ఉదయభాను గొంతు చించుకుంటోంది. ముందు వరస దాటి వినపడటం లేదు. జనం ఒక్కొక్కరే లేస్తున్నారు.

అప్పుడొచ్చాడు ఓ పెద్దమనిషి. నెరిసిన జుట్టు, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా.

"బాబూ, ఆ సందులో టోటో రిక్షా ఆపినాను. అందులో మాదొక మైకు సెట్టుంది. తెమ్మంటారా?"

"అడగాలా దాదా! బేగి తెండి!"

ఆయనే మోసుకొచ్చాడు. ఆయనే వైర్లు కలిపాడు.

"ఆ వైరు ఇటు లాగు. బాక్సు ఎత్తు మీద పెట్టు," అని నగరేశ్వరరావు పురమాయిస్తుంటే, మారు మాట్లాడకుండా చేశాడు.

ఉదయభాను గొంతు ఆ వీధంతా మోగింది.

"పన్ను కట్టేవాడు ఎవరి ముందూ చెయ్యి చాచడు. నా డబ్బు ఏం చేశావని అడుగుతాడు. అడగండి! టీ బడ్డీ నడిపేవాళ్లయినా సరే, నన్ను నిలబెట్టి అడగండి!"

లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

మొదటి చప్పట్లు బాక్సు పక్క నుంచి వచ్చాయి. నగరేశ్వరరావు తిరిగి చూశాడు. ఆ పెద్దమనిషి కళ్లు మెరుస్తున్నాయి.

"బాగా సెప్పింది కదా బాబూ!"

"మా మేడమంటే ఏటనుకున్నావు మరి!" అన్నాడు నగరేశ్వరరావు గర్వంగా. "అద్దె ఎంతిమ్మంటావు?"

"ఇది అద్దెకి తిప్పేది కాదు."

"మరి నీ పని ఆగిపోలేదా?"

"పదిమందికీ సేరాల్సిన మాట. ఎవరి నోటంట వస్తే ఏటి?"

ఐదయింది. ఆయన వైర్లు చుట్టుకుని టోటో ఎక్కాడు. ఆ సందడిలో ఎవరూ పేరైనా అడగలేదు.

ఓట్ల లెక్కింపు రోజు ఉదయభాను గెలిచింది.

లెక్కింపు కేంద్రం బయట డప్పులు, రంగులు. గెలిచింది తానే అన్నంత గర్వంగా నగరేశ్వరరావు లడ్డూల పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. గేటు తెరుచుకుని ఆ పెద్దమనిషి బయటికొచ్చాడు.

"దాదా! గెలిసినాం! నీ మైకు సలవే ఇది! లోపల కూడా మైకు పనేనేటి?"

"కాదు బాబూ. లెక్కింపు సూడ్డానికొచ్చినాను."

నగరేశ్వరరావు ఆయన నోట్లో లడ్డూ పెట్టేశాడు. ఆయన నవ్వాడు.

"ఊరేగింపుకి ఉండు. ముందు బండిలో కూకుందువు గాని."

"ఇంటికాడ ఎదురు సూస్తంటారు బాబూ. మీరు కానీండి."

డప్పుల మధ్య నుంచి తల ఎత్తుకుని నడిచి వెళ్లిపోయాడు.

కాసేపటికి దండల బరువుతో ఉదయభాను వచ్చింది. జనం మీదుగా అటూ ఇటూ చూసింది.

"అరే, వెళ్లిపోయారా? లోపల అందరికన్నా ముందు నా చెయ్యి పట్టుకుని అభినందించింది ఆ తెల్లచొక్కా ఆయనే."

"ఆయన మీకు తెలుసా మేడమ్? పూరీ గేట్‌లో మన మైకు కాలిపోతే, తన సెట్టు తెచ్చిచ్చిన మైకు మేస్త్రీ ఆయనే!"

ఉదయభాను ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఆ ఆఖరి గంటలోనా?" అంది.

"అవును మేడమ్."

ఆమె ఆయన వెళ్లిన దారివైపు చూస్తూ చేతులు జోడించింది.

"ఆయన మేస్త్రీ కాదండీ, మీ చిన్న కొట్లవాళ్ల కోసమే నా మీద ఇండిపెండెంటుగా పోటీ చేసిన కామేశంగారు."