ఏముందే చూడ్డానికి!

“ఇదేనా నువ్వు కలవరించిన దీవి? దీనికోసమా అంతసేపు పడవలో కడుపులో తిప్పుతున్నా ఓర్చుకుని వచ్చాం?”

రేవు మెట్లెక్కి టాక్సీ దగ్గరికి వస్తూనే పెద్దావిడ అన్న మొదటి మాట అది.

డ్రైవరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతను పుట్టింది ఆ దీవిలోనే. అవతలి ఒడ్డున జనం రగ్గులు కప్పుకుని వణుకుతుంటే ఇక్కడ స్వెట్టరు కూడా అక్కర్లేదు. ఏడాది చివరి సెలవులొస్తే గది దొరకడం గగనం. అలాంటి చోటికి వచ్చి, ఇంకా కారెక్కకముందే వంక!

వచ్చినవాళ్ళు అక్కాచెల్లెళ్ళు. అక్కకి అరవై దాటి ఉంటాయి. చెల్లెలు నాలుగైదేళ్ళు చిన్న. అక్కగారు చెల్లెలి మోచెయ్యి వదలదు, వదిలితే పారిపోతుందేమో అన్నట్టు. కారు తలుపు తనే తీసింది. చెల్లెలి తల వంచి లోపలికి తోసింది. “జరుగు, ఇంకాస్త జరుగు” అంటూ కూర్చోబెట్టింది.

‘పెత్తనమంటే ఇదీ’ అనుకున్నాడు డ్రైవరు.

రేవు వీధి పండగ ముస్తాబులో ఉంది. ఇంటింటికీ రంగు కాగితాల నక్షత్రాలు. కిటికీలకి పూలదండలు. వాటిలో కొన్ని నక్షత్రాలు అతని భార్య అంటించినవే. కారు నెమ్మది చేశాడు.

“ఈ వీధి చూడ్డానికే వస్తారమ్మా జనం” అన్నాడు మురిపెంగా.

“ఎలా ఉందక్కా?” అంది చిన్నావిడ.

“ఎలా ఉంటుంది? చిరిగిన గాలిపటాలు తీగలకి చిక్కుకున్నట్టుంది. రంగులన్నీ వెలిసిపోయాయి.”

చిన్నావిడ నవ్వి ఊరుకుంది. సొంతంగా ఒక అభిప్రాయం పెట్టుకోవాలన్నా అక్కగారి అనుమతి కావాలి కాబోలు!

కొండమీద తోటకి తీసుకెళ్ళాడు. ఆ కాలంలో కొండంతా పూస్తుంది. బస్సుల్లో వచ్చినవాళ్ళు కేరింతలు కొడుతున్నారు.

“ఎలా ఉందక్కా?”

“పిచ్చిమొక్కలు. నీళ్ళు పొయ్యనట్టున్నారు, సగం ఎండిపోయాయి.” అంటూనే ఒక కొమ్మ వంచి చెల్లెలి ముక్కు దగ్గర పెట్టింది. “వాసన మాత్రం బాగానే ఉంది.”

ఎండిపోయాయట! డ్రైవరు పళ్ళు కొరుక్కున్నాడు. రోజంతటికీ బేరం కుదిరింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడే దింపేసి పోయేవాడు.

“ఫొటో తియ్యనా అమ్మా?”

“ఎందుకు? ఇంటికెళ్ళి ఎవరు చూడాలని?”

సముద్రం దగ్గరా అదే పాట. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి.

“ఏముందే చూడ్డానికి? మన వీధిలో కుళాయి గొట్టం పగిలినప్పుడు ఇంతకంటే బాగుంటుంది” అంది పెద్దావిడ. పక్కన నిలబడ్డ కొత్త జంట ఇద్దరూ తిరిగి చూశారు. డ్రైవరుకి తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం ఆవిడ వంక పెట్టలేదు. చేపముక్కలో ముళ్ళు తీసి, చెల్లెలి కంచంలో పెట్టి, “తిను, అమ్మ వండినట్టుంది” అంది. వంటవాణ్ణి పిలిపించి మరీ మెచ్చుకుంది.

‘ఓహో! నాలుక మాత్రం బాగానే పనిచేస్తుందన్నమాట. తిండికి ఇంత దూరం రావడమెందుకో! పైగా అంత మనిషికి ముళ్ళు తియ్యడమొకటి. ఆవిడ పసిపిల్లా?’ అనుకున్నాడు డ్రైవరు, పక్క బల్ల దగ్గర కూర్చుని.

సాయంత్రం చివరగా పడమటి కొండకొమ్ముకి తీసుకెళ్ళాడు. అక్కడ పొద్దు గుంకడం చూసి ఇంతవరకూ పెదవి విరిచినవాళ్ళు లేరు. సూర్యుడు నీళ్ళని తాకాడు. సముద్రం కుంకుమ కలిపినట్టయింది. బాతాఖానీ వేస్తున్నవాళ్ళు కూడా మాట ఆపేశారు.

డ్రైవరు పెద్దావిడ వంకే చూస్తున్నాడు. ఆవిడ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

‘దొరికావు!’ అనుకున్నాడు.

“ఎలా ఉందక్కా?” అంది చిన్నావిడ.

పెద్దావిడ గొంతు సవరించుకుంది. “ఎలా ఉంటుంది, నా మొహంలా ఉంది. అంతా మబ్బు. సూర్యుడూ లేడు, గీర్యుడూ లేడు. పద, పడవ వెళ్ళిపోతుంది.”

ఆకాశంలో అరచేతంత మబ్బు కూడా లేదు! నచ్చకపోతే నచ్చలేదని ఏడవచ్చు. నచ్చి కూడా లేదనేవాళ్ళని ఏమనాలి? డ్రైవరు కారుని విసురుగా రేవువైపు తిప్పాడు.

రేవులో పెద్దావిడ చెల్లెల్ని బెంచీమీద కూర్చోబెట్టి, “ఇక్కణ్ణుంచి కదిలావంటే ఊరుకోను” అని బెదిరించి టికెట్లకి వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే డ్రైవరు ఇటు వచ్చాడు. పొద్దుట్నుంచీ మింగిందంతా కక్కేశాడు.

“ఏమీ అనుకోకండమ్మా. మీ అక్కగారిలాంటి మనిషిని నేనెక్కడా చూళ్ళేదు. ఇంత అందమైన చోటుని పట్టుకుని అన్నేసి మాటలా? ఆవిడకసలు కళ్ళున్నాయా? మీరైనా బాగుందని ఒక్క మాట అనచ్చు కదా!”

సముద్రం మీంచి గాలి వీస్తోంది. చిన్నావిడ పమిట సర్దుకుంది. ఆవిడ మొహంలో కోపం లేదు. రోజంతా నవ్విన నవ్వే నవ్వింది.

“నాకు చూపు పోయిన దగ్గర్నుంచీ మా అక్క అందమైనవాటినే తిడుతుంది బాబూ, ఇవాళ తిట్టినన్ని తిట్లు ఇదివరకెప్పుడూ తిట్టలేదు.”