గులాబీ నీళ్ల సీసాలు

“మొగం అటు తిప్పు!” అని అరిచి గుండయ్య సుత్తి ఎత్తాడు.

తడి గోనెసంచి కింద నాలుగో సీసా ఠప్పున పేలింది. సంచిలోంచి పొంగిన నురగ వాకిట్లో బండల మీదుగా మోరీలోకి పారింది. శ్రవణ్‌కుమార్ మొహం తిప్పలేదు. నెలరోజుల కష్టం కళ్లముందే మోరీ పాలవుతుంటే ఎవరు మాత్రం తిప్పుతారు?

“బాపూ, దండం పెడ్తా, ఆపు! వచ్చే సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉంది. చేసిన బీరు పట్టుకరమ్మన్నరు.”

“పట్టుకపో. వద్దన్ననా? గీ సీసలల్ల మాత్రం వద్దు. మొగం అటు తిప్పమంటే ఇనవడ్తలేదా?”

కన్నకొడుకు మొహం చూడటానికి కూడా ఇష్టం లేదన్నమాట! శ్రవణ్‌కు ఒళ్లు మండిపోయింది. ఐదో సీసా కూడా పేలింది.

గచ్చిబౌలిలో సొంతంగా బీరు తయారుచేసుకునే ఒక హోటల్లో కొలువు అది. ఆఫీసులో కాగితాలు తిరగేసే ఉద్యోగం మీద విసుగెత్తిన శ్రవణ్‌కు అదొక్కటే ఆశ. హుస్సేనీ ఆలంలోని ఈ పాత ఇంట్లోనే, మిద్దె మీది గదిలో నీళ్ల క్యాన్ పెట్టి బీరు పులియబెట్టాడు. మూడు రోజుల కిందట సీసాకు రెండేసి చెంచాల చక్కెర వేసి, పన్నెండు సీసాలు నింపి మూతలు బిగించాడు. లోపల ఆ చక్కెర పులిసి గ్యాసు పుట్టాలి. గ్యాసు లేని బీరు చప్పిడి కషాయమే కదా.

సీసాలను మాత్రం అత్తరు దుకాణంలో ఏరి ఏరి తెచ్చాడు. గులాబీ నీళ్లు పోసే సీసాలవి. పలచగా, పలకలు పలకలుగా మెరిసిపోతుంటాయి. రుచి చూసేలోపే సీసా చూసి మెచ్చుకోవాలని వాడి ఉబలాటం.

ఇంట్లో బీరు కాస్తున్నందుకు గుండయ్య పల్లెత్తు మాట అనలేదు. నెలంతా ఇల్లు పులిసిన కంపు కొట్టినా మూతి ముడుచుకోలేదు. ఈ పొద్దున నీళ్ల ట్యాంకు చూడటానికి మిద్దెక్కి, ఆ సీసాలను చూశాడు. అంతే, అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఒక్కో సీసాను తడి సంచిలో చుట్టి, పసిపిల్లను దించినట్టు కిందికి దించి, వాకిట్లో వరసగా పగలగొట్టడం మొదలుపెట్టాడు.

“గివి సీసలారా? పలకల సీస గ్యాస్‌ను ఆపుతదా? గుండ్రంగ ఉండాలె, మందంగ ఉండాలె. మీదికెల్లి రెండు చెంచల చక్కెర! ఇంట్ల బాంబులు వెట్టినవ్ గదరా!”

“ఉన్న సోడ మిషన్ అమ్ముకున్నోనివి, నువ్వా నాకు సీసల గురించి చెప్పేది?”

గుండయ్య ఆరో సీసాను సంచిలో చుట్టాడు. మళ్లీ సుత్తి లేచింది.

శ్రవణ్ కడుపులో మంట ఈనాటిది కాదు. ఒకప్పుడు యాకుత్‌పురా స్టేషన్ దగ్గర గుండయ్యకు గోలీసోడా దుకాణం ఉండేది. సీసాను మిషన్లో బిగించి, సిలిండర్ మీట కొలిచినట్టు తిప్పి సీసాలోకి గ్యాస్ ఎక్కించడంలో ఆయనది పెట్టింది పేరట. శ్రవణ్‌కు ఐదేళ్లప్పుడు దీపావళి చిచ్చుబుడ్డి పేలి ఆయన ఎడమ కన్ను పోయింది. ఆ నెలలోనే మిషన్ అమ్మేసి, పరాయి దుకాణంలో బట్టలు మడతపెట్టే పనికి కుదిరాడు. ఇంటికి సొంత ఆధారమంటూ లేకుండా పోయింది.

పోనీ, టపాకాయలంటే భయమా అంటే అదీ లేదు. ప్రతి దీపావళికీ కొడుకు చేయి పట్టుకుని దగ్గరుండి చిచ్చుబుడ్డి ముట్టించేవాడు. గోలీసోడాను మాత్రం గడప తొక్కనివ్వలేదు. ఈ మనిషి తిక్క ఏమిటో శ్రవణ్‌కు ఏనాడూ అర్థం కాలేదు.

పన్నెండో సీసా కూడా పేలింది. శ్రవణ్ ఇక ఆగలేకపోయాడు.

“కన్ను తీసింది టపాసు, కక్ష సీసల మీదనా? ఉన్న ఒక్క కన్నుకు కొడుకు కష్టం ఏడ కనవడ్తది లే!”

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. గుండయ్య సుత్తి పక్కన పెట్టాడు. బండల మీద అరచేత్తో తడుముతూ ఒక్కో గాజు పెంకూ ఏరి సంచిలో వేశాడు. చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

అరగంటకు తిరిగొచ్చి, ఖాళీ ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ బాటిళ్లున్న సంచి గుమ్మం ముందు పెట్టాడు.

“క్యాన్ల ఇంక మిగిలింది గద. గీండ్లల్ల నింపు. అర చెంచ చక్కెర చాలు. రోజు ఒత్తి చూడు, గట్టిగైతే గ్యాస్ ఎక్కినట్టు. ఎక్కువైతే ఉబ్బుతది గని మొగం మీదికి రాదు. ఎనిమిది దినాలున్నయ్, అయితది.”

కొడుకు వైపు చూడకుండానే లోపలి గదిలోకి వెళ్లాడు.

“గీ చెత్త బాటిళ్లు పట్టుకపోతే ఇజ్జత్ ఉంటదా?” అంటూ శ్రవణ్ సంచిని కాలితో తన్నాడు.

వంటింటి గుమ్మంలో ఇంతసేపూ నిలబడి చూస్తున్న తల్లి నాగమణమ్మ విసురుగా వచ్చి వాడి రెక్క పట్టుకుంది.

“నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నడు. ఇరవై రెండేండ్లు నోరు మూసుకున్న. ఇగ నా వల్ల గాదు. ఆయన కన్ను తీసింది టపాసు గాదురా. సోడ సీస.”

శ్రవణ్ తెల్లబోయాడు.

“మరి టపాసని ఎందుకు చెప్పిండు? సీస పలిగిందంటే ఎవలేమంటరు?”

నాగమణమ్మ లోపలి గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“ఆ దినం గ్యాస్ తిప్పింది నువ్వు.”